చీరల పేజీకి గూగుల్ షీట్‌లో పోస్టుల క్యాలెండర్ ఎలా వేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరూ మీ అమ్మగారూ ఇంటి దగ్గరే మంగళగిరి, ఉప్పాడ చీరలు అమ్ముతున్నారు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ స్టేటస్ మూడూ మీరొక్కరే చూస్తున్నారు. ఇరవైకి పైగా కాలమ్‌లున్న ఒక టెంప్లేట్ దించుకుని రెండు వారాలు నింపారు, తర్వాత వదిలేశారు. 2026 శ్రావణానికి ముందే మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. షీట్ ఎలా ఉండాలి, ఎన్ని రోజుల ముందు ప్లాన్ చేసుకోవాలి, డబ్బు కట్టి ఏదైనా యాప్ తీసుకోవాలా అన్నవి మీ సందేహాలు.

ముందు జవాబు చెప్తాను. గూగుల్ షీట్ చాలు, డబ్బు కట్టే యాప్ మీకు ఇప్పట్లో అక్కర్లేదు. కాలమ్‌లు తొమ్మిదికి మించొద్దు. రాబోయే రెండు వారాలు వివరంగా నింపండి. ఆ తర్వాతి ఆరు వారాలకి పండగలు, ముఖ్యమైన రోజులు మాత్రం రాసి మిగతాది ఖాళీగా వదలండి. వారానికి నాలుగు పోస్టులు వేసినా చాలు. షీట్‌లో పోస్టు పడే తేదీ కంటే, దాని ఫొటో చేతికి రావాల్సిన తేదీ మీద ఎక్కువ దృష్టి పెట్టండి. ఈ ఒక్కటి సరిగ్గా పెట్టుకుంటే మిగతావన్నీ మెల్లగా కుదురుకుంటాయి.

నేను విజయవాడలో పదకొండేళ్లుగా చిన్న దుకాణాల పేజీలు చూస్తున్నాను. చీరల వాళ్లు, పచ్చళ్ల వాళ్లు, ఒక స్వీట్ షాపు, ఒక ట్యూషన్ సెంటరు, ఇలాంటివి. మధ్యలో ఆగిపోయిన క్యాలెండర్లు చాలా చూశాను. ఎవరూ బద్ధకంతో ఆపలేదు. ఆ రోజు షీట్‌లో "మెరూన్ ఉప్పాడ, పోస్టు" అని ఉంటుంది. క్యాప్షన్ కూడా రాసే ఉంటుంది. చీరకి మాత్రం ఇంకా ఫొటో తీసి ఉండదు. సాయంత్రం ఆరింటికి ట్యూబ్‌లైటు కింద తీస్తే మెరూన్ కాస్తా గోధుమరంగులోకి తిరుగుతుంది. రేపు వేద్దాంలే అనుకుంటారు. అలా మూడు రేపులు గడిచేసరికి షీట్ తెరవాలంటేనే టెన్షన్ మొదలవుతుంది.

అందుకే నా షీట్‌లో ఫొటో గడువు అని విడిగా ఒక కాలమ్ ఉంటుంది. పోస్టు తేదీకి ఐదు రోజుల ముందు. దీన్ని మీరు ప్రతిసారీ లెక్కపెట్టక్కర్లేదు. ఆ గడిలో ఈక్వల్ టు గుర్తు వేసి, తేదీ ఉన్న గడిని నొక్కి, మైనస్ 5 అని రాస్తే షీటే వేసుకుంటుంది. పోస్టు తేదీ మారిస్తే గడువు కూడా దానంతట అదే మారుతుంది. గడువు దాటిపోయినా ఫొటో లింకు గడి ఖాళీగానే ఉంటే ఆ వరస ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకోండి. ఒకసారి అరగంట కూర్చుంటే అయిపోయే పని. ఆ తర్వాత పొద్దున్నే షీట్ తెరవగానే ఎర్రగా ఉన్నవేమిటో చూస్తే చాలు.

మిగతా కాలమ్‌లు: తేదీ, ఎక్కడెక్కడ వేయాలి, చీర నంబరు, ఏ రకం పోస్టు, క్యాప్షన్, ఫొటో లింకు, స్థితి, ఎంతమంది అడిగారు. తేదీ పక్కన వారం పేరు కూడా కనిపించేలా ఫార్మాట్ మార్చుకోండి, శుక్రవారాలు మీకు ముఖ్యం కదా. "ఎక్కడెక్కడ", "ఏ రకం", "స్థితి" మూడింటికీ ఇన్సర్ట్ మెనూలో ఉండే డ్రాప్‌డౌన్ పెట్టండి. చేత్తో టైప్ చేస్తే ఒకరోజు "రీల్" అని, ఇంకోరోజు "రీల్స్" అని, మరోరోజు "వీడియో" అని రాస్తాం. నెలాఖరున ఫిల్టర్ వేసి చూద్దామంటే ఏదీ కలవదు. స్థితికి నాలుగు మాటలు చాలు: అనుకున్నది, సిద్ధం, షెడ్యూల్ అయింది, పడింది. ఒకే పోస్టు మూడు చోట్లకి వెళ్తుంటే మూడు వరసలు రాయకండి. ఒక పోస్టుకి ఒక వరసే.

మీరు దించుకున్న టెంప్లేట్‌లో ప్రచార లక్ష్యం, కస్టమర్ రకం, బడ్జెట్, ఆమోదం తెలిపినవారు లాంటి కాలమ్‌లు ఉన్నాయన్నారు. అవి పదిమంది పనిచేసే ఆఫీసుల కోసం తయారైనవి. అక్కడ ఒకరు రాస్తారు, ఇంకొకరు డిజైన్ చేస్తారు, మరొకరు సరే అంటారు. మీ ఇంట్లో ఆ ముగ్గురూ మీరే. వాటిని తీసేయడానికి అస్సలు సందేహించకండి.

ఇక మీ వ్యాపారానికి ప్రత్యేకమైన విషయం: చేనేత చీర చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. బయట దొరికే సలహాల్లో ఇది కనపడదు. సబ్బులు అమ్మేవాళ్లు నెలరోజుల పోస్టులు ఒకేసారి షెడ్యూల్ చేసి హాయిగా ఉండొచ్చు. మీరు అలా చేస్తే, సోమవారం షెడ్యూల్ చేసిన చీరని గురువారం ఎవరో ఇంటికొచ్చి కొనుక్కుపోతారు, శనివారం పోస్టు పడుతుంది. పాతికమంది అడుగుతారు, అందరికీ "సోల్డ్ అవుట్ అండీ" అని చెప్పాలి. ఒకటి రెండుసార్లయితే డిమాండ్ ఉందనుకుంటారు. ప్రతివారం ఇదే అయితే, ఈ పేజీలో అడిగినా దొరకదులే అని అడగడమే మానేస్తారు. నేను చూసిన ఒక పేజీకి సరిగ్గా ఇదే జరిగింది. మళ్లీ జనం అడగడం మొదలుపెట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

దీనికి నేను పాటించే పద్ధతి ఏమిటంటే, పోస్టుల్ని అమ్ముడుపోయేవి, అమ్ముడుపోనివి అని రెండుగా విడదీస్తాను. ఫలానా నంబరు చీర చూపించే పోస్టు అమ్ముడుపోయేది. అది షీట్‌లో ముందే ఉండొచ్చు, ఫొటో, క్యాప్షన్ కూడా సిద్ధంగా ఉండొచ్చు, కానీ షెడ్యూల్ మాత్రం ఒకరోజు ముందే, చీర బీరువాలో ఉందని కళ్లతో చూశాకే. జరీ చీర ఎలా మడతపెట్టి దాచుకోవాలి, మొదటిసారి ఎలా ఉతకాలి, చేనేతకీ మరమగ్గానికీ తేడా ఎలా పట్టుకోవాలి, మగ్గం మీద అంచు ఎలా నేస్తారు, ఇవన్నీ అమ్ముడుపోనివి. వీటిని రెండు వారాల ముందే షెడ్యూల్ చేసేయండి. మీకు జ్వరం వచ్చినా, ఊరెళ్లినా పేజీ నడుస్తూ ఉంటుంది. నాలుగు పోస్టుల్లో రెండు ఇవి, రెండు అవి అయితే మీ చేతిలో పని సగం తగ్గుతుంది.

ఇందుకోసం షీట్‌లో రెండో ట్యాబ్ తెరిచి చీరల జాబితా రాయండి. నంబరు, రకం, ఒంటి రంగు, అంచు, రేటు, ఫొటో తీశామా, అమ్ముడైందా. చివరి రెండింటికీ టిక్ పెట్టే గడులు వేసుకోండి. ఫొటో ఫైలుకి కూడా అదే నంబరు పేరుగా పెట్టి గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. చీర మడతలో చిన్న కాగితం మీద అదే నంబరు. మీ అమ్మగారు చీర అమ్మగానే ఆ కాగితం తీసి ఒక డబ్బాలో వేస్తే, రాత్రి మీరు డబ్బా చూసి టిక్ పెట్టుకోవచ్చు. ఆవిడకి షీట్ నేర్పించాలని పట్టుబట్టకండి. నాకు తెలిసిన ఇళ్లలో పెద్దవాళ్లు షీట్ తెరవరు, తెరవాల్సిన అవసరమూ లేదు. శనివారం రాత్రి ఆ వారం కావాల్సిన చీరల నంబర్లు వాట్సాప్‌లో పంపండి. ఆదివారం పొద్దున్నే అవి ఇస్త్రీ చేసి పక్కన పెట్టి ఉంచుతారు.

ఫొటోలన్నీ ఒకే పూట తీయండి. పొద్దున ఎనిమిది నుంచి పది లోపు, మేడ మీద నీడపట్టున. నేరుగా ఎండ పడితే జరీ తెల్లగా మెరిసి అంచు డిజైన్ కనిపించదు. ఒక్కో చీరకి నాలుగు ఫొటోలు: మొత్తం, అంచు దగ్గరగా, కొంగు, బ్లౌజు ముక్క. ఒక పది సెకన్ల వీడియో. ఒక పూటలో పన్నెండు చీరలు అవుతాయి. వారానికి రెండు చీరల పోస్టుల లెక్కన ఒక్క ఆదివారంతో ఆరు వారాలు గడుస్తాయి.

పంచాంగం పక్కన పెట్టుకోకుండా ఈ షీట్ వేయకండి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. 2022లో శ్రావణం జూలై 29న మొదలైంది. ఆ ఏడాది ఒక చీరల దుకాణానికి వేసిన షీట్ బాగా పనిచేసింది. 2023లో దాన్నే కాపీ చేసి, తేదీలు కొంచెం సర్ది, క్యాలెండర్‌లో జూలై 18 నుంచి శ్రావణం అని చూసి వ్రతం చీరల పోస్టులు మొదలుపెట్టేశాను. అది అధిక శ్రావణం. ఆగస్టు 16 దాకా నడిచింది. అసలైన, అంటే నిజ శ్రావణం ఆగస్టు 17న వచ్చింది. నెలరోజులపాటు మేం వేసిన పోస్టులకి "ఇప్పుడు శుభకార్యాలు ఎక్కడున్నాయండీ" అని పెద్దవాళ్లు కామెంట్లు పెట్టారు. అసలు శ్రావణం వచ్చేసరికి మంచి ఫొటోలన్నీ వాడేశాం, కొత్తవి తీయడానికి టైం లేదు. ఆ యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీకు 2026లో కూడా ఇలాంటి లెక్కే ఉంది. జ్యేష్ఠం అధికమాసం, మే 17 నుంచి జూన్ 15 వరకు. దాంతో తర్వాతి పండగలన్నీ వెనక్కి జరిగాయి. 2025లో శ్రావణం జూలై 25న వస్తే, 2026లో ఆగస్టు 13న వస్తుంది. వినాయక చవితి 2025లో ఆగస్టు 27, 2026లో సెప్టెంబరు 14. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం మాత్రం కదలదు. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజు గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. 2025లో దాని మర్నాడే వరలక్ష్మీ వ్రతం పడింది, రెండింటికీ కలిపి పోస్టులు వేసుకోగలిగాం. 2026లో ఆగస్టు 7 నాటికి ఇంకా ఆషాఢమే. కాబట్టి ఆ రోజు అమ్మకం పోస్టు కాకుండా మీ నేతగారి గురించి, మగ్గం గురించి మంచి పోస్టు వేయండి. ఆయన్ని అడిగి, ఆయన ఒప్పుకుంటేనే ఫొటో, పేరు పెట్టండి. ఇక వ్రతం విషయానికొస్తే, 2026లో శ్రావణ పౌర్ణమి కూడా ఆగస్టు 28 శుక్రవారమే వస్తోంది. ఇలాంటప్పుడు 21నా 28నా అని ఇళ్లల్లో చర్చ నడుస్తుంది. మీ కొనుగోలుదార్లు ఎక్కువగా ఏ క్యాలెండర్ చూస్తారో దాన్నే అనుసరించండి, చీరలు మాత్రం 21కి ముందే చేరేలా చూసుకోండి.

షీట్‌లో మూడో ట్యాబ్‌గా ఈ తేదీల జాబితా పెట్టుకోండి: అధికమాసం, మూఢం, ఆషాఢం, శ్రావణ శుక్రవారాలు, చవితి, దసరా, దీపావళి, కార్తీకం, పెళ్లి ముహూర్తాలు. ప్రతి ఉగాదికి కొత్త పంచాంగం చూసి మళ్లీ రాయాలి. పాతది కాపీ చేయొద్దు.

ఇంకో మాట. మంగళగిరిలో గుంట మగ్గాలు ఉంటాయి కదా. గట్టి వానలు పడితే గుంటలోకి నీరు ఊరుతుంది, గంజి పెట్టిన నూలు ఆరదు, నేత ఆగుతుంది. అంటే శ్రావణం సరుకు నేయాల్సిన రోజుల్లోనే పని మందగిస్తుంది. ఉప్పాడ జమ్దానీ అయితే పనితనాన్ని బట్టి ఒక్క చీరకే వారాలు, ఒక్కోదానికి నెలలు పడుతుంది. అందుకే చీరల జాబితాలో "సరుకు ఎప్పుడు వస్తుంది" అని కూడా రాసుకుంటే మంచిది. రాని చీరకి పోస్టు ప్లాన్ చేసుకుని, ఆలస్యమైతే నేతగారి మీద ఒత్తిడి పెట్టడం న్యాయం కాదు.

షెడ్యూల్ చేయడానికి మెటా బిజినెస్ సూట్ ఉచితం. ఫేస్‌బుక్ పేజీకీ ఇన్‌స్టాగ్రామ్‌కీ అక్కడినుంచే పెట్టొచ్చు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాని ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే సరి. అయితే బిజినెస్ ఖాతాలకి రీల్స్‌లో సినిమా పాటలు చాలావరకు దొరకవు. నా దృష్టిలో అది నష్టం కాదు. మగ్గం చప్పుడుతో వేసిన రీల్‌ని జనం చివరిదాకా చూస్తారు. వాట్సాప్ స్టేటస్ నేను చేత్తోనే పెడతాను. అది 24 గంటల్లో పోతుంది కాబట్టి షీట్‌లో దానికి విడి వరస ఇవ్వను. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేటట్టయితే ఒక లిస్టులో 256 మందికే వెళ్తుందనీ, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుందనీ గుర్తుంచుకోండి. పార్సిల్‌తోపాటు "మా నంబరు సేవ్ చేసుకోండి" అని చిన్న చీటీ పెట్టడం ఎన్నో పోస్టుల కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది.

షెడ్యూల్ చేసి మర్చిపోవడంలో ఉన్న ప్రమాదం గురించి ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కలంతా నీళ్లలో ఉంది. అదే వారం 7న వినాయక చవితి. నేను చూసే పేజీల్లో పండగ ఆఫర్ల పోస్టులు ముందే షెడ్యూల్ అయి ఉన్నాయి. జనం పాల ప్యాకెట్ కోసం, మంచినీళ్ల కోసం మేడల మీద నిలబడి ఎదురుచూస్తుంటే ఒక పేజీలో "పండగ సంబరం, 20 శాతం తగ్గింపు" అని పోస్టు పడింది. పది నిమిషాల్లో తీసేశాం, కానీ అప్పటికే చూసినవాళ్లు చూశారు. ఆ పేజీని ఫాలో అయ్యేవాళ్లలో చాలామందిది ఆ ప్రాంతమే. అప్పటినుంచి ఏదైనా పెద్ద విపత్తు వార్త వినగానే నేను చేసే మొదటి పని, స్థితి కాలమ్‌లో "షెడ్యూల్ అయింది" అని ఫిల్టర్ వేసి, అవన్నీ ఒక్కొక్కటిగా ఆపడం. షీట్ సరిగ్గా నింపి ఉంటే ఐదు నిమిషాల పని. లేకపోతే ఎక్కడ ఏది పెట్టామో వెతుక్కోవాలి.

క్యాప్షన్లు షీట్‌లోనే రాయండి. కంప్యూటర్‌లో ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే అదే గడిలో కొత్త లైను వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల దాకా ఇస్తుంది గానీ, నొక్కకుండా కనిపించేది మొదటి లైనే. చీర రకం, రంగు, రేటు అక్కడే ఉండాలి. రేటు మెసేజ్‌లో చెప్తాం అని రాయడం నాకు ఎప్పుడూ నచ్చదు. అడగడానికి మొహమాటపడేవాళ్లు మనలో చాలామంది. రేటు కనిపిస్తే కొనగలిగినవాళ్లు ధైర్యంగా అడుగుతారు, కొనలేనివాళ్లు చిన్నబోకుండా వెళ్తారు. బ్లౌజు ముక్క ఉందా, జరీ ఏ రకం, ఎలా ఉతకాలి అన్నవి తర్వాతి లైన్లలో.

చివరి కాలమ్‌ని నేను లైకులతో నింపను. ఎంతమంది రేటో, చీర ఉందా అనో అడిగారన్నదే రాస్తాను. ఒక చీరల పేజీలో కుచ్చిళ్లు సర్దే రీల్‌కి చూపులు బోలెడు వచ్చాయి, అడిగినవాళ్లు ముగ్గురు. అదే వారం అంచు దగ్గరగా చూపించిన మామూలు ఫొటోకి లైకులు నలభై కూడా దాటలేదు, అడిగినవాళ్లు పంతొమ్మిది మంది. రెండు నెలలు ఇలా రాస్తే మీ పేజీకి ఏది పనిచేస్తుందో మీకే తెలుస్తుంది. ఏ టైంకి వేయాలన్నదానికి కూడా బయట చెప్పే గంటలు నమ్మకండి. ఇన్‌సైట్స్‌లో మీ ఫాలోవర్లు ఎప్పుడు చూస్తున్నారో ఉంటుంది. మీ చీరలు అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా కొంటుంటే ఆ గంటలు పూర్తిగా వేరుగా ఉండొచ్చు.

పచ్చళ్ల వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఒకటి మీకూ పనికొస్తుంది. కొత్తావకాయ ఆర్డర్లు మామిడికాయలు కోతకి రాకముందే మొదలవుతాయి, కానీ అప్పటికి ముక్కలు కొట్టే వీడియో తీయడానికి కాయలే ఉండవు. అందుకే మే నెలలో పని జోరుగా ఉన్నప్పుడే వచ్చే ఏడాది మార్చి కోసం వీడియోలు తీసి పెట్టుకుంటాం. మీరూ ఈ శ్రావణంలో చీరల ప్యాకింగ్, ఇంట్లో వ్రతం ముందు హడావుడి, నేతగారి ఇంట్లో పని కొంచెం కొంచెం తీసి "2027" అనే ఫోల్డర్‌లో వేసుకోండి.

డబ్బు కట్టే యాప్ ఎప్పుడంటే, మీతోపాటు ఇంకో ఇద్దరు పోస్టులు వేయడం మొదలుపెట్టినప్పుడు, లేదా ఐదారు ఖాతాలు అయినప్పుడు ఆలోచించండి. ఆ డబ్బుతో ఇప్పుడు చీర కట్టి చూపించే ఒక బొమ్మ కొనుక్కుంటే ఎక్కువ లాభం.

శ్రావణానికి మీ లెక్క వెనక్కి వేస్తే ఇలా వస్తుంది. ఆగస్టు 13న మాసం మొదలు. దూరపు ఊళ్ల ఆర్డర్లు వ్రతానికి ముందే చేరాలంటే ఆగస్టు మొదటివారం నుంచే చీరలు చూపించాలి. అంటే ఫొటోలు జూలై 26 ఆదివారం అయిపోవాలి, అంటే సరుకు జూలై 24కల్లా ఇంట్లో ఉండాలి. నేతగారితో మాట్లాడాల్సింది వానలు ముదరకముందే. ఈ ఆదివారం టెంప్లేట్ జోలికి వెళ్లకుండా ఖాళీ షీట్ తెరిచి, ముందు చీరల జాబితా ట్యాబ్ ఒక్కటే నింపండి. ఇంట్లో ఎన్ని చీరలున్నాయో, ఎన్నింటికి ఫొటోలు ఉన్నాయో లెక్క తేలాక చెప్పండి, మొదటి రెండు వారాల వరసలు ఎలా సర్దుకోవాలో మీ చీరల్ని బట్టి రాస్తాను.